ఆంగ్లభాషలో భూతకాలక్రియ: దాని పూర్వచరిత్ర

ఇంగ్లీషు నేర్వ మొదలిడిన మన బాలబాలికలకు తొలుత నెదురగు చిక్కులలో భూతకాలక్రియ యొకటి. ‘వాక్’ అనగా నడచుట. ‘వాక్ట్’ అనగా నడచెను. ‘ప్లే’ అనగా ఆడుట. ‘ప్లేడ్’ అనగా ఆడెను. క్రియ చివర ‘ఈ’, ‘డీ’ అను రెండక్షరములు చేర్చినచో భూతకాల మేర్పడునని ఉపాధ్యాయుడు చెప్పును. నియమము సులభముగ నున్నదని బిడ్డ సంతసించును. మరునాటి పాఠములో ‘గో’ అను మాటకు ‘వెంట్’ అనియు, ‘సింగ్’ అను మాటకు ‘స్యాంగ్’ అనియు, ‘టీచ్’ అను మాటకు ‘టాట్’ అనియు, ‘పుట్’ అను మాటకు మరల ‘పుట్’ అనియు వచ్చును. ఇదేమని యడిగినచో, ఇవి నియమమునకు లొంగని క్రియలు, కంఠస్థము చేయవలసినదే యని సమాధానము. పుస్తకము చివర నొక పట్టిక యుండును. ఆ పట్టికను అప్పగింపలేక దెబ్బలు తిన్నవారు మన యిండ్లలో ప్రతి తరమునను గలరు.

ఆ పట్టికలోని మాటలు నిజముగ నియమరహితములేనా? వాని చరిత్రను విచారించినచో సంగతి తలక్రిందులుగ గనబడును. నేడు మన మపవాదములని త్రోసివేయు రూపములలో ననేకము లొకప్పుడు నియమములే. నేడు నియమమని చెప్పుకొను ‘ఈడీ’ ప్రత్యయము వాని ముందు నిన్న వచ్చిన యతిథి వంటిది. ఈ మార్పు ఎట్లు జరిగెనో, ఎవరు జరిపిరో తెలిసికొనుట భాషాభిమానులకే గాక, ఇంట బిడ్డలకు పాఠము చెప్పు తలిదండ్రులకును ఉపయోగకరము.

క్రీస్తుశకము 5వ శతాబ్దిలో ఆంగ్లులు, శాక్సనులు మొదలగు జర్మానికు జాతులవారు బ్రిటను ద్వీపమునకు వచ్చి నిలిచిరి. వారి భాషయే ప్రాచీనాంగ్లము. అందు క్రియలు రెండు తెగలు. మొదటి తెగవి ధాతువులోని అచ్చును మార్చుకొని భూతకాలమును దెలుపును. వెలుపలినుండి యే ప్రత్యయమును గోరవు. రెండవ తెగవి దంత్యాక్షరము గల ప్రత్యయమును చేర్చుకొనును. జర్మను పండితుడు జాకబ్ గ్రిమ్ 1819లో ప్రారంభించిన తన వ్యాకరణ గ్రంథమున మొదటివానికి బలక్రియలనియు, రెండవవానికి దుర్బలక్రియలనియు పేరు పెట్టెను. పరుల సాయము లేక తమ శక్తిచేతనే మార్పు జెందునవి బలవంతములు, ఊతకఱ్ఱ వలసినవి దుర్బలములు అని యాతని భావము. ప్రాచీనాంగ్లమున బలక్రియలు 300లకు పైగా నుండెను. పండితులు వానిని ఏడు గణములుగ విభజించిరి. గణము తెలిసినచో అచ్చు ఎట్లు మారునో చాలవరకు ముందే చెప్పవచ్చును. అనగా నది గందరగోళము కాదు, చక్కని వ్యవస్థ.

సంస్కృతము చదివినవారికి ఈ యచ్చుమార్పు క్రొత్త గాదు. ఇకారము ఏకారమగుట, ఉకారము ఓకారమగుట మనకు గుణమను పేర సుపరిచితము. ‘భిద్’ ధాతువును జూడుడు. దీనికి లిట్టున ఏకవచనము ‘బిభేద’, బహువచనము ‘బిభిదుః’. ఏకవచనమున గుణము వచ్చినది, బహువచనమున రాలేదు. కొఱుకుట యను నర్థము గల ఇంగ్లీషు ‘బైట్’ అను మాట యీ ధాతువునకు సోదరియే. సంస్కృతమున భకారమున్నచోట ఇంగ్లీషున బకారమును, దకారమున్నచోట టకారమును వచ్చుట యొక క్రమము. ‘దశ’ అచట ‘టెన్’ అగుటయు, ‘ద్వి’ అచట ‘టూ’ అగుటయు అట్టివే. ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు భూతకాలైకవచనము ‘బాట్’, బహువచనము ‘బిటొన్’. అచటను ఏకవచనమున అచ్చు బలమైనది, బహువచనమున హ్రస్వమై నిలిచినది. ‘బిభేద, బిభిదుః’ అను జంటకును ‘బాట్, బిటొన్’ అను జంటకును గల పోలిక కాకతాళీయము గాదు. రెండును ఒక మూలభాషనుండి దిగివచ్చిన యాస్తి. క్త ప్రత్యయాంతమునకు సంస్కృతమున ‘భిన్న’ యనియు, ఇంగ్లీషున ‘బిటెన్’ అనియు నకారమే వచ్చుట గూడ గమనింపదగినది.

కాలక్రమమున ఇంగ్లీషువారు ఏకవచన బహువచన భేదమును విడిచిరి. రెండు రూపములలో నొకటి నిలిచినది, రెండవది పోయినది. నడపుట యను నర్థము గల ‘డ్రైవ్’ అను క్రియ ఏకవచనపు అచ్చును నిలుపుకొని ‘డ్రోవ్’ అయ్యెను. ‘బైట్’ హ్రస్వపు అచ్చును నిలుపుకొని ‘బిట్’ అయ్యెను. ఒకే గణమున బుట్టిన యీ రెండును నేడు వేరు వేరు త్రోవల నున్నట్లు తోచుటకు ఇదియే కారణము. పాతభేదము నేటికిని మిగిలిన క్రియ యొక్కటే గలదు. అది ‘వాజ్’, ‘వర్’ అను జంట: ‘ఉండెను’, ‘ఉండిరి’. నివసించుట యను నర్థము గల మన ‘వస్’ ధాతువే దానికి మూలబంధువు. ఏకవచనమున సకారపు జాతి ధ్వని నిలిచి, బహువచనమున నది రేఫ మగుటకు గారణమును డెన్మార్కు దేశస్థుడు కార్ల్ వెర్నరు 19వ శతాబ్దిపు ఎనిమిదవ దశకమున కనుగొనెను. వేదములోని ఉదాత్త స్వరము ఏకవచనమున ధాతువుపైనను, బహువచనమున ప్రత్యయముపైనను పడుట చూచి, ఆ స్వరభేదమే జర్మానికు భాషలలో హల్లుల భేదముగ మిగిలినదని యాతడు నిరూపించెను. మన వేదపాఠకులు తరతరములుగ కాపాడిన స్వరము, లండను నగరపు బాలుడు దినదినము పలుకు రెండు మాటల మర్మమును విప్పినది.

ఈ విధమగు పరిశోధనకు సంస్కృతమే ద్వారము తెరచినది. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెననియు, గోతికు భాషకు గూడ అదియే మూలమని తలచుటకు హేతువు గలదనియు చెప్పెను. 1816లో ఫ్రాంజ్ బోప్ అను జర్మను పండితుడు సంస్కృత క్రియావ్యవస్థను గ్రీకు, లాటిను, పారసీక, జర్మానికు భాషల క్రియలతో పోల్చి గ్రంథము ప్రకటించెను. తులనాత్మక భాషాశాస్త్రము క్రియారూపముల పరీక్షతోనే యారంభమైనదని చెప్పవచ్చును. అదే 1816లో మద్రాసున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు, క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికావ్యాసమున, తెలుగు సంస్కృత జన్యము గాదనియు, తమిళ కన్నడములతో నొక కుటుంబమునకు జేరినదనియు నిరూపించెను. కావున ‘చేసితిని’ అను మన మాటలోని తకారమును జూచి, అది ఇంగ్లీషు ప్రత్యయమునకు జుట్టమని యెవరును భ్రమపడరాదు. పోలిక వేరు, చుట్టరికము వేరు.

ఇక రెండవ తెగకు వత్తము. దంత్యప్రత్యయముతో భూతకాలమును గట్టుట జర్మానికు భాషలు తమంత తాము కల్పించుకొన్న పద్ధతి; సంస్కృతమునగాని, గ్రీకు లాటినులయందుగాని యిది లేదు. దీని పుట్టుకను గూర్చి వాదములున్నను, చేయుట యను నర్థము గల ‘డూ’ అను క్రియ యొక్క భూతరూపమే యరిగి ప్రత్యయమైనదని పెక్కుమంది పండితుల మతము. ‘డూ’ మన ‘ధా’ ధాతువునకు జుట్టము. ‘చేసెను’ అను ‘డిడ్’ రూపమున, ‘దధౌ’ అను రూపమునందు వలె, ద్విత్వపు జాడ గలదని చెప్పుదురు. ఈ మత ప్రకారము ‘ప్రేమించెను’ అనుటకు వారి పూర్వులు ‘ప్రేమ చేసెను’ అన్నట్లన్నమాట.

ఇట్టి యుపాయము మన శాస్త్రములోను గలదు. ‘బుధ్’ వంటి మూలధాతువు లిట్టున ‘బుబోధ’ యని ద్విత్వము పొందును. కాని ‘బోధయ’ అను ణిజంతమునకు అట్టి ద్విత్వము కుదరదు. అందుచే ‘చకార’ యను మాటను తోడు తెచ్చుకొని ‘బోధయాంచకార’ యనుచున్నాము. చకార యనగా ‘చేసెను’ అనియే గదా! ఒక భాషనుండి యొక భాష యెరువు తెచ్చుకొనకయే రెండు జాతులవారు ఒకే సంకటమునకు ఒకే మందు కనుగొనిరి. పుట్టుధాతువులు తమ పాతపద్ధతిని నిలుపుకొనగా, నామములనుండియు ఇతర ధాతువులనుండియు తరువాత దయారైన క్రియలు ‘చేసెను’ అను నూతను పట్టుకొన్నవి.

నూతన క్రియలకు ఆశ్రయమైన పద్ధతియే భాష పెరుగుకొలది రాజ్యము నాక్రమించుట సహజము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. తరువాతి శతాబ్దములలో ఫ్రెంచినుండి వందలకొలది క్రియలు ఇంగ్లీషున బ్రవేశించినవి. అవి దాదాపుగ నన్నియు ‘ఈడీ’ ద్వారముననే లోనికి వచ్చినవి. తెలుగులో ‘ఇంచు’ ప్రత్యయము సంస్కృత పదములకు ద్వారమైనట్లును, ‘ఫోను చేసెను’, ‘పాసయ్యెను’ అని నేటి పరభాషాపదములను మనము ‘చేయు’, ‘అగు’ అను క్రియల చేతికప్పగించినట్లును దీనిని భావింపవచ్చును. ప్రాచీనాంగ్లపు బలక్రియలలో కొన్ని వాడుక దప్పి నశించినవి; కొన్ని పక్షము మార్చి దుర్బలములైనవి. సాయపడుట యను నర్థము గల ‘హెల్ప్’ ఒకప్పుడు బలక్రియ. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో దాని పాతరూపము ‘హోల్పెన్’ కనబడును. నేడు ‘హెల్ప్ట్’ అనియే యందురు.

హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ‘నేచర్’ పత్రికయందు ఈ మార్పును లెక్కగట్టి చూపిరి. ప్రాచీనాంగ్లమున నియమమునకు లొంగని 177 క్రియలను వారు పరిశీలించిరి. మధ్యకాలపు ఇంగ్లీషున వానిలో 145 మాత్రమే యట్లుండెను. నేటికి మిగిలినవి 98. ఏవి మారెను, ఏవి నిలిచెను? తరచుగ వాడబడు క్రియ నిలిచినది, అరుదుగ వాడబడునది మారినది. ఒక క్రియకంటె నూరు రెట్లు తక్కువగ వాడబడునది పది రెట్లు త్వరగ మారునని వారి గణితము. ఇంగ్లీషున మిక్కిలి తరచుగ వాడబడు పది క్రియలును నియమమునకు లొంగనివే.

ఇందలి తత్త్వమును పాఠకులు నిదానించి గ్రహింపవలెను. తినుట, త్రాగుట, వచ్చుట, పోవుట, ఇచ్చుట, కొనుట, చూచుట, కూర్చుండుట, నిలుచుట, చెప్పుట, ధరించుట: ఇంగ్లీషు పట్టికలోని మాటలన్నియు ఇట్టివే. ఇవి రాజసభలలోని మాటలు గావు, విద్యాపీఠములలోని మాటలు గావు. వంటయింటి మాటలు, పెరటి మాటలు, తల్లి బిడ్డతో దినమునకు నూరుమారులు పలుకు మాటలు. పండితులు తెచ్చిన ఫ్రెంచి లాటిను క్రియలు క్రొత్త నియమమునకు తలయొగ్గియుండగా, మూలభాషనాటి సొత్తును వేలయేండ్లు చెదరక మోసికొని వచ్చినవారు చదువురాని తల్లులు, దాదులు, వ్యవసాయదారులు. వ్రాత నేర్వని నోళ్లలో భాష చెడిపోవునని తలచువారికి ఇంగ్లీషు భూతకాలము తగిన యుత్తరము.

అయితే ప్రవాహము ఒకే దిక్కునకు బోలేదు. ధరించుట యను నర్థము గల ‘వేర్’ మొదట దుర్బలక్రియ. ‘బేర్, బోర్’ వంటివాని సహవాసమున నదియు ‘వోర్’ అయ్యెను. త్రవ్వుట యను ‘డిగ్’ క్రియకు పాత బైబిలులో ‘డిగ్డ్’ అని యుండగా నేడు ‘డగ్’ అనుచున్నారు. ఫ్రెంచినుండి వచ్చిన ‘స్ట్రైవ్’ అను పరదేశి సైతము ‘డ్రైవ్’ ప్రక్కన గూర్చుండి ‘స్ట్రోవ్’ అను బలరూపమును సంపాదించినది. మునుగుట యను ‘డైవ్’ క్రియకు ఇంగ్లండున ‘డైవ్డ్’ అనుచుండగా, అమెరికాలో 19వ శతాబ్దినుండి ‘డోవ్’ అను రూపము వ్యాపించినది. ఎవరును శాసనము చేయలేదు. చెవి పోలికను బట్టి నాలుక నడచినది.

పట్టికలో మిగిలిన క్రియలలో చాల భాగము బలక్రియలే గావు. మారువేషము ధరించిన దుర్బలక్రియలు. ‘టీచ్, టాట్’, ‘థింక్, థాట్’, ‘బ్రింగ్, బ్రాట్’ అనువానియందు అచ్చు మారినను, చివరనున్న టకారము ప్రత్యయమే. ‘కీప్, కెప్ట్’, ‘ఫీల్, ఫెల్ట్’ అనువానియందు సంయుక్తాక్షరమునకు ముందున్న దీర్ఘము హ్రస్వమైనది. తరువాత 15వ శతాబ్దినుండి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నియు ఉచ్చారణ మార్చుకొనగా, హ్రస్వము మాత్రము పాతచోటనే నిలిచి, రెంటికిని దూర మెక్కువైనది. ‘పుట్’, ‘కట్’, ‘సెట్’ వంటివానియందు ధాతువు చివర టకారమే యుండుటచే ప్రత్యయము దానిలో గలిసిపోయినది. ‘గో’ సంగతి వేరు. దాని పాత భూతరూపము నశింపగా, మరలిపోవుట యను నర్థము గల ‘వెండ్’ అను వేరొక క్రియ తన ‘వెంట్’ రూపము నెరువిచ్చెను. ‘అస్’ ధాతువు లిట్టున ‘భూ’ యగునని పాణిని విధించిన సంగతి యెరిగినవారు దీనికి వింతపడరు. ఇట్లు చూచినచో పట్టిక మూడు నాలుగు కుటుంబములుగ విడిపోవును. పెంటకుప్ప వలె తోచినది పెట్టెలో సర్దిన బట్టల వలె నుండును.

నియమబద్ధమైన ‘ఈడీ’కి గూడ మూడు పలుకుబడులున్నవి. శ్వాసధ్వనుల తరువాత టకారము: ‘వాక్ట్’. నాదధ్వనుల తరువాత డకారము: ‘ప్లేడ్’. ట డ ల తరువాత అచ్చుతో గూడినది: ‘వాంటెడ్’. ‘వాచ్’ + ‘ఈశ’ యన్నప్పుడు ‘వాగీశ’ యగును, ‘విపద్’ + ‘కాల’ యన్నప్పుడు ‘విపత్కాల’ మగును అని సంధి చదివిన మన బిడ్డకు, పక్కధ్వనిని బట్టి హల్లు మారుట యెంతమాత్రమును వింత గాదు. ఒకప్పుడు ఈ ప్రత్యయము అన్ని చోట్లను అచ్చుతో గూడ పలుకబడెడిది. విద్వాంసుడను నర్థమున ‘లర్నెడ్’ అను మాటను నేటికిని రెండు భాగములుగ పలుకుట ఆనాటి శేషమే.

ఆ అచ్చు జారిపోవుచుండగా విద్వాంసులు మిక్కిలి వగచిరి. 1711లో అడిసను ‘స్పెక్టేటర్’ పత్రికలో దీనిని నిరసించెను. 1712లో జొనాథన్ స్విఫ్టు, ప్రభుత్వములో ముఖ్యుడుగ నున్న ఆక్స్‌ఫర్డు ప్రభువునకు బహిరంగముగ విజ్ఞాపన వ్రాసి, కవులు క్రియల చివర అచ్చును కోసివేసి కర్కశములగు హల్లులను గ్రుద్దుచున్నారనియు, ఒక పండితసభను స్థాపించి భాషను శాశ్వతముగ స్థిరపరుపవలెననియు కోరెను. ఆ సభ యేర్పడలేదు. 1714లో ఆన్ రాణి మరణముతో ఆ యాలోచనయు నడుగంటెను. భాషను కదలకుండ నిలుపుదునను నాశతో నిఘంటువునకు బూనిన డాక్టరు జాన్సను, 1755లో దానిని ముగించుచు, పీఠికలో ఆ యాశ వ్యర్థమని యంగీకరించెను. స్విఫ్టు అసహ్యించుకొన్న పలుకుబడియే నేడు రాజులును ఆచార్యులును పలుకు శుద్ధరూపము.

వ్యాకరణ కర్తలు నిష్ప్రయోజకులని నా తాత్పర్యము గాదు. 1762లో రాబర్టు లౌత్ తన చిన్న వ్యాకరణమున, భూతరూపమును క్త ప్రత్యయాంత స్థానమున వాడుట తప్పని, మిల్టను, డ్రైడను వంటి మహాకవులనుండియే యుదాహరణములు చూపెను. 1795లో లిండ్లీ మరే యను నమెరికా దేశపు క్వేకరు, ఇంగ్లండున యార్కు నగరమునందలి యొక బాలికా పాఠశాలకొరకు వ్యాకరణము రచించెను. అది లోకమంతటను వ్యాపించెను. ‘రోట్’, ‘రిటెన్’ అను రెండింటికి నేడున్న స్పష్టమైన పని విభజన స్థిరపడుటకు ఇట్టి గ్రంథములు తోడ్పడినవి. వాడుకలో రెండు త్రోవలున్నప్పుడు ఒకదానిని పదిలపరుపగల శక్తి వ్యాకరణమునకు గలదు. వాడుక పూర్తిగ విడిచిన త్రోవను తిరిగి తెరచు శక్తి దానికి లేదు.

రూపములను గూర్చి యింత చెప్పితిమి. ప్రయోగమును గూర్చి కొంచెము చెప్పవలెను. మన బిడ్డలు ‘ఆతడు వచ్చెనా?’ యనుటకు ‘డిడ్ హీ కేమ్?’ అని వ్రాయుదురు. భూతకాలమునకు రెండుమారులు చిహ్నము వేయుటయే యిందలి దోషము. పూర్వము ఇంగ్లీషున క్రియనే ముందుంచి ప్రశ్నించెడివారు. లేదను నర్థము గల ‘నాట్’ను క్రియ వెనుక నుంచెడివారు. 15వ శతాబ్దినుండి ‘డూ’ సాయక్రియగ వ్యాపించి, 1700 ప్రాంతమునకు ప్రశ్నలయందును నిషేధములయందును స్థిరపడెను. అప్పటినుండి కాలమును మోయు భారము ‘డిడ్’ వహించినది కావున, అసలు క్రియ బరువు దించుకొని మూలరూపమున నిలుచును. ‘రాలేదు’ అని మనమును అనుచున్నాము గాని ‘వచ్చలేదు’ అనుట లేదు గదా!

రెండవ చిక్కు ‘హ్యావ్’ తోడి రూపము. సంస్కృతమున శాస్త్రకారులు భూతమును మూడు విధములుగ జెప్పిరి: సామాన్యభూతమునకు లుఙ్, నేటిది గాని భూతమునకు లఙ్, కంటితో చూడని భూతమునకు లిట్. ఇంగ్లీషు సామాన్య భూతకాలము చూచినదానిని, చూడనిదానిని వేరుపరుపదు. గడచి ముగిసిన కాలమున జరిగినదని చెప్పుటయే దాని పని. ‘నిన్న’, ‘ఆ యేడు’ అను కాలనిర్దేశమున్నచో ఈ రూపమే వలయును. గడచినదాని ఫలము ఇప్పుడు నిలిచియున్నదని చెప్పవలెనన్నచో ‘హ్యావ్’ రూపము. తెలుగులో ‘మామ నిన్న వచ్చెను’ అనునదియు ‘మామ వచ్చియున్నాడు’ అనునదియు ఎట్టివో యవియు నట్టివే. రెండవదానికి ‘నిన్న’ అను మాట చేర్చి చూచినచో మన చెవియే దోషమును చెప్పును. జరుగనిదానిని ఊహించుటకు గూడ ఇంగ్లీషువారు భూతరూపమునే వాడుదురు. ఇదియు మనకు వింత గాదు. ‘వచ్చినచో’ అనునప్పుడు ‘వచ్చిన’ యనునది భూతరూపమే గదా!

ఇంగ్లీషు చరిత్రలోని యీ వివాదము మన యింట గూడ జరిగినదని పాఠకులెరుగుదురు. గ్రాంథిక వ్యావహారిక వాదమున ముఖ్యమైన తగవు క్రియారూపములదియే. ‘వచ్చినాడు’ అనునది నడుమ కుంచించుకొని ‘వచ్చాడు’ అయ్యెను. స్విఫ్టు తన దేశమున జూచి వగచిన సంకోచము వంటిదే యిది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1919లో ‘తెలుగు’ అను పత్రికను స్థాపించి, శిష్టుల నోట నున్న రూపములు వ్రాతకు దగవా యని ప్రశ్నించిరి. ఈ వ్యాసమునందలి ‘వచ్చెను’, ‘చెప్పిరి’ అనునవి నేడు ఏ యింటను పలుకబడవు, పుస్తకముననే బ్రతుకుచున్నవి. ‘వచ్చాడు’ గెలిచినది. కాని గెలిచినవారును ఒక సంగతి మరచుచున్నారు. తెలంగాణమునందలి బిడ్డ తల్లినుండి నేర్చిన ‘వచ్చిండు’ అను మాటను బడిలో పలికినచో, తోటివారు నవ్వుట, ఉపాధ్యాయుడు మందలించుట నేటికిని పూర్తిగ మాసిపోలేదు. నిన్న తాము పడిన నిందను నేడు పరులపై మోపుట న్యాయమా? ‘డైవ్డ్’ అనువారు ‘డోవ్’ అనువారిని మూర్ఖులనుటకు ఎంత యధికారము గలదో, దీనికిని అంతియే.

ఇక పాఠము చెప్పు విధము. ఇంగ్లీషువారి పసిబిడ్డలు మొదట ‘వెంట్’ అని విన్నది విన్నట్లు పలికి, కొన్నాళ్లకు ‘గోడ్’ అని తప్పుగ పలుక నారంభించి, పిదప మరల ‘వెంట్’కు వత్తురు. నడుమ వచ్చిన యీ తప్పు తెలివితక్కువ గాదు. నియమమును బిడ్డ తనంత తాను కనుగొన్నదనుటకు సాక్ష్యము. 1958లో జీన్ బెర్కో యను నమెరికా విదుషి, పిల్లలు ఎన్నడును వినని కల్పితక్రియలనిచ్చి భూతకాలము చెప్పుమనగా, వారు తగిన ప్రత్యయమును చేర్చి చెప్పిరి. మన బిడ్డ ‘టీచ్డ్’ అని వ్రాసినచో అందును అట్టి యూహయే పనిచేసినది. ఆ యూహను మెచ్చి, తరువాత సరియైన రూపమును చెప్పవలెను.

పట్టికను అక్షరక్రమమున గాక కుటుంబక్రమమున వ్రాయించుడు. ‘సింగ్, రింగ్, డ్రింక్, స్విమ్’ ఒక వరుస. ‘డ్రైవ్, రైడ్, రైట్’ ఒక వరుస. ‘కీప్, స్లీప్, వీప్’ ఒక వరుస. ‘పుట్, కట్, సెట్’ ఒక వరుస. ఒక్కొక్క వరుసకు దాని చరిత్రను రెండు మాటలలో చెప్పుడు. సంస్కృతము తెలిసిన తండ్రి ‘బిభేద’ను జ్ఞప్తికి దెచ్చి ‘బిట్’ను చూపవచ్చును, చదువుకొన్న తల్లి ‘రాలేదు’ను జూపి ‘డిడ్’ పనిని విప్పవచ్చును. ఇట్లు వారమునకొక వరుస చొప్పున నేర్పినచో, రెండు మూడు నెలలలో పట్టిక పూర్తియగును. బెత్తముతో బని యుండదు.